ఆదిలక్ష్మి నడినెత్తిన మిగిలిన సూది

ఇరవై ఆరేళ్లలో నేను పల్నాడు జనానికి గుచ్చిన సూదులన్నీ తెచ్చి నిలబెడితే కోటప్పకొండ చుట్టూ మూడు వరసల కంచె వేయొచ్చు. మేకపిల్ల కూడా దూరదు. ఇది కాస్త పెంచి చెప్పిన మాటే, ఒప్పుకుంటాను. పెంచి చెప్పడం నాకు పుట్టుకతో వచ్చిన జబ్బు, దానికి చైనా వైద్యంలో కూడా సూది లేదు. కానీ ఇప్పుడు చెప్పబోయే దాంట్లో ఒక్క విషయం మాత్రం పిసరంత కూడా పెంచను. ఆ సూదుల్లో ఒకటి లెక్కకు రాలేదు. అది ఎక్కడ మిగిలిందో, ఎందుకు మిగిలిందో ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలకు తెలియాలి.

నరసరావుపేట బస్టాండుకు అవతలి వీధిలో, ఒక మేడ మెట్ల కింద గదిలో ఆక్యుపంక్చర్ మొదలుపెట్టాను. ఆ గదిలో నేను నిలబడితే రోగి కూర్చోవాలి, రోగి పడుకుంటే నేను వీధిలోకి పోవాలి. తర్వాత పక్క గది కూడా తీసుకున్నాను. మొన్న మార్చిలో రెంటికీ తాళం వేశాను. నాకు యాభై ఐదు. ఇంట్లో కూర్చునే వయసు కాదని మా ఆవిడ గొడవ. కానీ ఒకరోజు పొద్దున సూది పట్టుకున్న నా కుడిచేతి బొటనవేలు నన్ను అడక్కుండా దానంతటదే ఆడడం మొదలుపెట్టింది. వణికే చేత్తో ఇంకొకరి తల ముట్టుకోకూడదు. ఆ పూటే ఆపేశాను. ఇంత గట్టిగా ఆపగలిగానంటే, అంతకు నాలుగేళ్ల ముందు ఆదిలక్ష్మి నేర్పిన పాఠం వల్లే.

సిస్టరమ్మ బడి

నాకు ఈ పని నేర్పింది గుంటూరులో రత్నం సిస్టర్. జీవితమంతా ఆపరేషన్ థియేటర్లో నర్సుగా చేసి, రిటైరయ్యాక సూదుల వైద్యం నేర్చుకొని ఊరికే చేసేది. మనిషి నాలుగున్నర అడుగులు. గొంతు మాత్రం గుంటూరులో దగ్గితే సత్తెనపల్లిలో పిల్లలు నిద్రలేచేవాళ్లు.

మొదటి నెలంతా ఆమె నా చేత బత్తాయిలకే సూదులు గుచ్చించింది. రెండో నెల నా కాలికి నేనే గుచ్చుకున్నాను. మూడో నెల మనుషుల దాకా వచ్చాను. చైనా పద్ధతిలో రోగి నాలుక చూడాలి, దాని రంగును బట్టి ఒంట్లో వేడి ఎక్కువైందా, చలువ ఎక్కువైందా చెప్పాలి. నేను చూసిన మొదటి పదిమంది నాలుకలూ మంకెన పూలలాగా ఎర్రగా ఉన్నాయి. పదిమందికీ ఒంట్లో వేడి అగ్గిలా మండుతోందని రాశాను. సిస్టరమ్మ కాగితాలు చూసి నెత్తి కొట్టుకుంది.

"ఒరేయ్, వాళ్లు పొద్దున్నే పండుమిరపకాయ పచ్చడేసుకొని అన్నం తిని వచ్చార్రా. ముందు ఏం తిన్నారో అడుగు, తర్వాత నాలుక చూడు."

ఆ ఒక్క మాటతో నేను సగం వైద్యుణ్ణయ్యాను. మిగతా సగం ఇంకా కాలేదు.

ఆమె దగ్గర రెండు కట్టుబాట్లు ఉండేవి. మొదటిది: ఈ తలనొప్పి మామూలుది కాదేమోనని నీకు అనుమానమొచ్చి పెద్ద డాక్టరు దగ్గరికి పంపావంటే, జవాబు వచ్చేదాకా ఆ మనిషికి సూది పెట్టకు. రెండోది: పెట్టిన సూదుల్ని పైకి లెక్కపెట్టు, తీసిన సూదుల్ని పైకి లెక్కపెట్టు. థియేటర్లో కడుపు కుట్టేముందు గుడ్డ ముక్కలూ కత్తెరలూ లెక్కపెట్టే అలవాటు ఆమెది. "లెక్క ఒట్టి నోటితో కాదురా, కంటితో" అనేది.

ఒకే పొద్దున ఈ రెండూ తప్పాను.

మన చేతుల్లో ఉన్న నొప్పి, లేని నొప్పి

ముందు ఈ తలనొప్పి సంగతి చెప్పాలి. తల చుట్టూ తాడు వేసి ఎవరో బిగించినట్టు, నుదుటి నుంచి మెడదాకా పట్టేసే నొప్పి ఒకటుంది. ఆలోచనలతో, నిద్ర చాలక, మెడ వంచి చేసే పనితో వస్తుంది. మనవైపు దీనికి శొంఠి గంధం పట్టు వేస్తారు, గుడ్డతో తల బిగించి కట్టుకుంటారు. నా దగ్గరికి వచ్చేవాళ్లలో ముప్పాతికమంది నుదుళ్లు శొంఠితో తెల్లగా మెరుస్తూ ఉండేవి.

ఈ నొప్పికి సూది పనిచేస్తుందా? చానామందికి చేసింది. కొందరికి సగం చేసింది. కొందరికి అసలు చెయ్యలేదు. వాళ్ల డబ్బులు వెనక్కిచ్చి నీళ్లు తాగమని, కంటిపరీక్ష చేయించుకోమని, కుర్చీ ఎత్తు మార్చుకోమని చెప్పి పంపాను. చైనావాళ్లు ఒంట్లో 'చీ' అనే ప్రాణశక్తి దారుల వెంట పారుతుందని, దారి మూసుకుపోయినచోట నొప్పి పుడుతుందని అంటారు. ఆ దారుల పేర్లు నేను కంఠతా పట్టాను. కానీ ఎడ్ల బేరం చేసినట్టు వాటిని రోగి ముందు వల్లించకండి. అతనికి కావలసింది రాత్రి నిద్ర.

ఇంకొకటి. మన జనానికి సన్న సూది మీద నమ్మకం లేదు. వెంట్రుకంత సూది చూపిస్తే "ఇదేందయ్యా, దోమ కూడా ఇంతకంటే గట్టిగా కుట్టిద్ది, పెద్దది లేదా?" అని అడిగినవాళ్లున్నారు. ఒక పెద్దమనిషి గోనెసంచులు కుట్టే సూది ఇంటి నుంచి తెచ్చుకున్నాడు. పట్టు విడవకండి. రోగి అడిగిందల్లా ఇచ్చేది హోటలు.

మన చేతుల్లో లేని నొప్పి ఇంకొకటుంది. ఉన్నట్టుండి పిడుగులా వచ్చేది, వాంతులతో వచ్చేది, జ్వరంతో మెడ కొయ్యబారేది, చూపు చెదిరేది, కాలో చెయ్యో తిమ్మిరెక్కి మాట వినకుండా పోయేది. వీటికి సూది డబ్బా మూత కూడా తియ్యకండి. బస్సెక్కించండి.

చెప్పు జారిన ఆడమనిషి

ఆదిలక్ష్మిది ఈపూరు. మూడు గేదెలు, రెండెకరాల కౌలు, ఇంటి పని అంతా ఒక్క తలమీదే. తలమీదంటే ఊరికే అనడం లేదు. రోజూ పచ్చగడ్డి మోపు నెత్తిన పెట్టుకొని పొలం నుంచి ఇంటికి మోసేది. ఆ మోపు ఎత్తు చూస్తే కింద మనిషి ఉందో, మోపే కాళ్లు మొలిచి నడుస్తోందో తెలిసేది కాదట. ఇది ఆమె మొగుడు కోటయ్య చెప్పింది, నేను పెంచింది కాదు.

రెండు నెలలపాటు వారానికోసారి బస్సెక్కి వచ్చింది. నొప్పి తగ్గుముఖం పట్టింది, నిద్ర పట్టింది. నేను చొక్కా కాలరెగరేసుకొని తిరుగుతున్నాను. తొమ్మిదో వారం ఆమె కుర్చీలో కూర్చొని, నవ్వుతూ, ఏదో తమాషా చెబుతున్నట్టు చెప్పింది.

"అన్నా, మొన్న నీ దగ్గర నుంచి పోతన్నానా, కుడికాలి చెప్పు ఊడిపోయింది. బస్సెక్కి కూకున్నాక గాని చూసుకోలేదు. కాలికి తెలవనే లేదు."

కోటయ్య పకపకా నవ్వాడు. "కొత్త చెప్పులు సారూ! దీనికి గ్యానం ఉంటే గదా."

నాకు నవ్వు రాలేదు. చెప్పు జారితే కాలికి తెలియాలి. నా చేతులు పట్టుకొని నొక్కమన్నాను, కళ్లు మూసుకొని నడవమన్నాను. కుడి పాదం కొంచెం ఈడుస్తోంది. సూది ముట్టుకోలేదు. గుంటూరులో నరాల డాక్టరుకు చీటీ రాసి పంపాను. ఆయన చూసి తలకూ మెడకూ ఎమ్మారై తీయించమన్నాడు. ఆమె తలలో ఏముందో తెలియాలంటే ఆ స్కాన్ కావాలి. ఇంతవరకు నేను చేసిందంతా సరైనదే. ఆ గర్వంలోనే ఉన్నాను.

బోణీ

స్కాన్ రోజు పొద్దున్నే మొగుడూ పెళ్లాలిద్దరూ ఈపూరు నుంచి నరసరావుపేటలో దిగారు. గుంటూరు బస్సుకు టైముంది. నేరుగా నా దగ్గరికొచ్చారు.

"అన్నా, ఆ మిషన్లో ముప్పావుగంట కదలకుండా పడుకోవాలంట. రాత్రంతా భయంతో తల పగిలిపోయింది. బస్సు కుదుపులకు ఇంకా పెరిగిద్ది. ఒక్కసారి సూదులెయ్యన్నా."

"జవాబొచ్చేదాకా వెయ్యకూడదమ్మా."

"కాళ్లు పట్టుకోమంటావా?"

నేను కాదనాలి. సిస్టరమ్మ ఉంటే నా చెవి మెలిపెట్టేది. కానీ ఆ రోజు మొదటి మనిషి ఆమె. పైగా అదే రోజు కొత్త స్టీలు ట్రే తెచ్చాం. బోణీ మనిషిని వెనక్కి పంపడానికి మా వీరాస్వామి బాబాయి ఒప్పుకోడు. బాబాయి డెబ్బై ఏళ్ల మనిషి. మార్కెట్ యార్డులో ధాన్యం కొలిచి, కాటాలు తూచి తలపండినవాడు. ఆ పని మానేశాక నా దగ్గర చేరి, నేను తీసిన సూదుల్ని లెక్కపెట్టేవాడు. ధాన్యం కొలిచేవాళ్లు 'ఒకటి' అనరు, 'లాభం' అంటారు. 'ఏడు' అనరు, 'ఆరున్నొకటి' అంటారు. బాబాయి సూదుల్నీ అలాగే లెక్కపెట్టేవాడు. రోగులకు అది సరదాగా ఉండేది. మూడేళ్లలో ఒక్కసారి కూడా లెక్క తప్పలేదు.

సరే ఒక్కసారి అన్నాను. ఇప్పటికీ అర్ధరాత్రి గుర్తొస్తే లేచి కూర్చునే మాట అది.

ఏడు సూదులు. చేతులకు రెండు, పాదాలకు రెండు, మెడ వెనక రెండు, నడినెత్తిన ఒకటి. నెత్తిన పెట్టేది చర్మం కింద పడుకున్నట్టు అడ్డంగా పోతుంది. ఆదిలక్ష్మి జుట్టు ఎంత ఒత్తంటే, అందులో కోడిపెట్ట పొదిగి పిల్లల్ని లేపినా బయటికి కనపడదు.

బల్లమీద శేషగిరి గారు కూర్చొని ఉన్నారు, తర్వాత మనిషి. ఆయనకు మెయిన్ రోడ్డులో బట్టల కొట్టుంది. పెళ్లిళ్ల రోజుల్లో ఒక్కోసారి నూటయాభై చీరలు మడత విప్పి, ఒక్కటీ అమ్ముడుపోకపోతే ఆయనకు తలనొప్పి. ఆయన కూర్చున్నారంటే నాకు నోరు ఊరుకోదు. సూదులు తీసే టైమయింది. నేను తీస్తూ ఎత్తిపోతల కథ ఎత్తుకున్నాను. ఎత్తిపోతల దగ్గర టూరిస్టు బస్సు డ్రైవరు తలనొప్పితో కూలబడితే, జలపాతం పక్కన రాతిమీద పడుకోబెట్టి సూదులేసి లేపిన కథ. నిజంగా వేసింది నాలుగు. మొదట చెప్పినప్పుడు పన్నెండు. ఆ రోజుకు నలభై అయ్యాయి.

"నలభై సూదులండీ! ముళ్లపంది కూడా సిగ్గుపడింది!"

"నలభయ్యే!" అన్నారు శేషగిరి గారు.

చేతులవి తీశాను, పాదాలవి తీశాను, మెడవి తీశాను. ట్రేలో టింగుమంటూ పడుతున్నాయి. బాబాయి గొంతు వినిపిస్తోంది. "...ఐదు, ఆరు, ఆరున్నొకటి." బాగుంది, లెక్క సరిపోయింది. ఆదిలక్ష్మి కొంగు నెత్తిన కప్పుకొని, నొప్పి తగ్గిందని దణ్ణం పెట్టి వెళ్లింది.

నా కథలో సూదులు పెరుగుతున్న సమయంలోనే ఆమె నెత్తిమీద ఒకటి మిగిలిపోయింది.

పన్నెండు

శేషగిరి గారికి ఆరు సూదులు పెట్టి, అరగంటాగి తీశాను. బాబాయి ఆరూ లెక్కపెట్టాడు. ఇద్దరివీ పోగయ్యాక మూత డబ్బాలో వేసే అలవాటు మాది. అదీ తప్పే, కానీ ఆ తప్పే ఆ రోజు కాపాడింది. చొక్కా వేసుకుంటూ శేషగిరి గారు ట్రేకేసి చూశారు. కొట్లో గుడ్డ తాను చూడగానే ఎన్ని గజాలో చెప్పే కళ్లు అవి.

"ఇందాకటి అమ్మాయివి ఏడు, నావి ఆరు, పదమూడు కావాలి కదండీ. పన్నెండే ఉన్నాయేందీ?"

లెక్కపెట్టాను. పన్నెండు. మళ్లీ పెట్టాను. పన్నెండు. నేల ఊడ్చాం, చాప దులిపాం, బాబాయి పంచె విప్పి విదిలించబోతే ఆపాను. అప్పుడు నా చెయ్యి గుర్తుచేసింది. చేతులవి తీశాను, పాదాలవి తీశాను, మెడవి తీశాను. నెత్తిమీదకు నా చెయ్యి పోనే లేదు.

ఎమ్మారై అంటే గదంత అయస్కాంతం. అందులోకి ఉక్కు ముక్క పోకూడదు. జేబులో తాళం చెవినే పీకి గోడకు కొట్టే మిషను. నెత్తిన సూదితో ఆ మనిషి అందులో పడుకోబోతోంది. ఆమెకు తెలియదు. అక్కడివాళ్లు అడిగితే ఏమీ లేదనే చెబుతుంది.

కోటయ్యకు ఫోన్ చేశాను. నా కిటికీ దగ్గరే మోగింది. చార్జింగు పెట్టి మరిచిపోయాడు. గుంటూరు డాక్టరుకు చేశాను. కాంపౌండరెత్తి, డాక్టరు గారు ఆపరేషన్లో ఉన్నారని, కొత్తపేటలో ఒక స్కాన్ సెంటరుకు పంపామని నంబరిచ్చాడు. ఆ నంబరు ఎప్పుడు చేసినా ఎంగేజే.

"కారు బయట ఉంది, పదండి" అన్నారు శేషగిరి గారు. ముగ్గురం ఎక్కాం.

శేషగిరి గారి కారు ఆయన పెళ్లికి కొన్నది. ఆయనకు ఇప్పుడు మనవలున్నారు. సాతులూరు దగ్గర ఒక ఎద్దుబండి మమ్మల్ని దాటిపోయింది. బండివాడు వెనక్కి తిరిగి జాలిగా చూశాడు. ఇది కూడా పెంచిందే, ట్రాక్టరు. కానీ ఈ మాట మాత్రం పెంచింది కాదు: తలలో ఏముందో తెలుసుకోవడానికి పంపినవాణ్ణి నేనే, తలలో ఇనుము పెట్టి పంపినవాణ్ణీ నేనే.

ఫిరంగిపురం దగ్గర వెనక సీట్లోంచి బాబాయి ముందుకు వంగాడు. మెల్లగా అన్నాడు.

"తప్పు నాదేనబ్బాయ్. కొత్త ట్రే గదా. యార్డులో గింజలు కొలిచే కొత్త మానిక పట్టుకుంటే ఖాళీదాన్నే ముందు కళ్లకద్దుకొని 'లాభం' అంటాం. ఇయ్యాల ట్రేకి అట్టాగే అన్నా. తర్వాత మొదటి సూది పడగానే నోరు దానంతటదే 'రెండు' అనింది."

ఆరు సూదులకు ఆరున్నొకటి అలా వచ్చింది.

"బాబాయ్, నీ నోరు తప్పింది. నా కళ్లెక్కడికి పోయాయి?"

"ఎత్తిపోతలకి" అన్నారు శేషగిరి గారు గేరు మారుస్తూ.

పేరేచర్ల దాటాక ఆయనే ఒక సలహా ఇచ్చారు. మంచి వ్యాపారస్తుడి సలహా. "లోపలికి పోయి తొందరపడి అరవకండి. ఆ అమ్మాయిని దీవిస్తున్నట్టు నెత్తిన చెయ్యి పెట్టండి. సూది లాగి గుప్పిట్లో దాచండి. ఇంటికొచ్చేద్దాం. మీ పేరూ మిగులుద్ది, ఆమె ప్రాణమూ మిగులుద్ది."

ఎవరికీ అపకారం లేని ఉపాయం. నాకు చానా నచ్చింది.

పసుపు కొమ్ము

స్కాన్ సెంటర్లోకి పరుగెత్తేసరికి టైము దాటిపోయింది. అయిపోయిందనుకున్నాను. లోపలి నుంచి నర్సు గొంతు.

"మిషన్ ఖాళీగా ఉందమ్మా! మెళ్లోవి తియ్యమ్మా!"

"పసుపు కొమ్ము వచ్చేదాకా తియ్యను. నువ్వెంత అరిచినా తియ్యను."

ఆదిలక్ష్మి పుస్తెలు గుప్పిట పట్టుకొని బల్లమీద కూర్చొని ఉంది. లోహమేదీ ఉండకూడదంటే గాజులూ మెట్టెలూ తీసిచ్చింది. పుస్తెలతాడు దగ్గర మాత్రం అడ్డం తిరిగింది. అది తీసేముందు పసుపు తాడుకు కొమ్ము కట్టి మెళ్లో వేసుకోవాలి, బోసి మెడతో ఒక్క క్షణం ఉండకూడదు. కోటయ్య కొమ్ము కోసం బయటికి పోయి గంటసేపయింది. కొత్తపేటలో అడుగుకొక మందుల షాపు, పసుపు కొమ్ము ఒక్కచోటా లేదు. ఆ గంటలో ఆమె వంతు వెనక్కి పోయింది. నేను కట్టుబాటు తప్పి పంపిన మనిషిని ఆమె కట్టుబాటే ఆపింది.

"ఏందన్నా ఇట్టా వచ్చావ్?" అంది.

"ఏం లేదమ్మా" అని నెత్తిన చెయ్యి పెట్టాను. జుట్టులో వేళ్లు పోనిచ్చాను. తగిలింది. లాగాను. గుప్పిట మూశాను. ఎవరూ చూడలేదు. గుమ్మం దగ్గర శేషగిరి గారు తృప్తిగా తలూపారు.

నర్సు కాగితం తీసి మామూలుగా అడిగింది. "ఒంట్లో ఎక్కడైనా ఇనుము, ప్లేట్లు, సూదులు లాంటివి ఉన్నాయా?"

"ఏమీ లేవమ్మా" అంది ఆదిలక్ష్మి.

పొద్దున ఆరున్నొకటి విన్నప్పుడు నాకు ఎంత ధీమాగా ఉందో, ఆమె మాటలో అంత ధీమా. అప్పుడు ఒక సంగతి తట్టింది. ఏడు పెట్టానని నాకెలా తెలుసు? నేను చెబుతున్నాను కాబట్టి. తీసేటప్పుడు మరిచిన చెయ్యి పెట్టేటప్పుడు ఏడే పెట్టిందా? ఒకసారి తప్పిన లెక్కను రెండోసారి నమ్మి ఈ మనిషిని లోపలికి పంపనా? ఆమెను ఒళ్లంతా వెతకాలి. వెతకాలంటే ఎందుకో చెప్పాలి.

గుప్పిట విప్పాను. "పొద్దున నేను పెట్టిన సూది ఇది. ఆమె తలలో మరిచిపోయాను. ఇప్పుడే తీశాను. ఇంకేమీ లేవనే అనుకుంటున్నా, కానీ నా మాట నమ్మొద్దు. వెతకండి."

నర్సు పరుగెత్తుకెళ్లి డాక్టరమ్మను తీసుకొచ్చింది. చిన్న వయసు, కళ్లద్దాలు. సూదిని చూసింది, నన్ను చూసింది. ఆదిలక్ష్మి కొప్పు విప్పించి పాయలు పాయలుగా వెతికింది, లోహం కనిపెట్టే కర్రలాంటిది తలనుంచి కాళ్లదాకా తిప్పింది. జాకెట్టు దగ్గర కీచుమంది. నా ప్రాణం అక్కడే పోయింది. చూస్తే పిన్నీసు.

"ఎన్నేళ్లుగా చేస్తున్నారు?" అంది డాక్టరమ్మ.

"ఇరవై రెండేళ్లమ్మా."

"ఇరవై రెండేళ్లూ లెక్క ఇంకొకళ్లే పెట్టారా?"

గట్టిగా అరిచి ఉంటే తట్టుకునేవాణ్ణి. ఆమె మామూలుగా అడిగింది.

అప్పుడే కోటయ్య చెమటలు కక్కుతూ, ఏటుకూరు రోడ్డుదాకా పోయి తెచ్చిన పసుపు కొమ్ముతో వచ్చాడు. జరిగింది విన్నాడు.

"ఏంది సారూ, మా దాని తలకాయంటే టైలరు దిండనుకున్నావా, గుచ్చి మరిచిపోవడానికి?"

ఆదిలక్ష్మి మాత్రం కొమ్ము కట్టించుకుంటూ నావైపు తిరిగింది.

"పోనీలేన్నా, చెప్పావుగా. అయినా బస్సులో తల ఇంతకూడా నొయ్యలేదు. మిషన్లోంచి వచ్చాక మళ్లీ అక్కడే ఒకటి పెట్టు."

డాక్టరమ్మ నవ్వాపుకోవడానికి గోడవైపు తిరిగింది. నాకు ఏడుపొచ్చింది.

తర్వాత

ఆదిలక్ష్మి తలలో ఏమీ లేదు. మెడలో ఒక డిస్కు పక్కకు జరిగి వెన్నుపామును నొక్కుతోంది. కాలు ఈడవడానికి కారణం అదే. నెత్తిన మోతలు మానమన్నారు, మందులిచ్చారు, మెడకు వ్యాయామాలు చెప్పారు. గడ్డి మోపు ఆ రోజు నుంచి కోటయ్య మోశాడు. మూడో రోజుకే అతను తలనొప్పని నా దగ్గరికొచ్చాడు. ఇది పెంచింది కాదు.

వీరాస్వామి బాబాయి ఇక రానన్నాడు. ఇంటికి వెళ్లి పట్టుకొచ్చాను. తప్పంతా అతని మీద వేసి నేను తేలిగ్గా తిరగదలుచుకోలేదు. ఆ వారం నుంచి పద్ధతి మార్చాం. నేను పెట్టేటప్పుడు రోగి లెక్కపెట్టాలి. తీసేటప్పుడు రోగే లెక్కపెట్టాలి, ట్రే రోగి ఒళ్లోనే ఉండాలి. సూదులు తీస్తున్నంతసేపూ నా నోరు మూసుకొని ఉండాలి. ఈ చివరిది నాకెంత కష్టమో దేవుడికి తెలుసు. ఎత్తిపోతల కథ అడిగినవాళ్లకు కాఫీ తాగేటప్పుడు చెప్పాను, నాలుగు సూదులతోనే. కథ బాగా చప్పబడింది, ఎవరూ రెండోసారి అడగలేదు.

మీ దగ్గరికి వచ్చేవాళ్లకు ఈ కథ చెప్పుకోండి. మీ పేరు పోదు. ఆదిలక్ష్మి ఈపూరంతా చెప్పింది, ఆ ఊరి నుంచి వచ్చేవాళ్లు తగ్గలేదు. వచ్చి కూర్చోగానే తమ సూదులు తామే లెక్కపెట్టుకోవడం మొదలుపెట్టారు, అంతే.

ఆరు నెలలాగి, నరాల డాక్టరు సరేనన్నాక, ఆమెకు మళ్లీ సూదులు మొదలుపెట్టాను. మెడ జోలికి పోవద్దన్నాడాయన, కాబట్టి ఐదే. మార్చిలో నేను చివరిగా గది తెరిచిన రోజు కూడా వచ్చింది, రెండు కాళ్లకూ చెప్పులతో. నా బొటనవేలు సంగతి మీకు ముందే చెప్పాను. ఇక నేను సూది పెట్టేది లేదని, ఊరికే పలకరించి పొమ్మన్నాను. ఆమె ఒప్పుకోలేదు. అంతకు ఏడాది ముందు నుంచీ నా దగ్గర పని నేర్చుకుంటున్న నర్సమ్మ అనే అమ్మాయి చేత పెట్టించుకుంటానంది. ఆ నర్సమ్మే ఇప్పుడు ఆ వీధిలోనే సొంతంగా చూస్తోంది.

నర్సమ్మ ఐదు సూదులూ పెట్టి, టైమయ్యాక తీసింది. ట్రే ఆదిలక్ష్మి ఒళ్లో ఉంది. బాబాయి చేతులు కట్టుకొని పక్కన నిలబడ్డాడు.

"ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు" అంది ఆదిలక్ష్మి.

బాబాయి కూడా కళ్లతోనే లెక్కపెట్టుకొని తలూపాడు. నర్సమ్మ ట్రే తీసుకోబోయింది. నేను ఆగమని, ఆదిలక్ష్మి నడినెత్తిన వేళ్లు పెట్టి వెతికాను.

"ఐదూ ఇక్కడే ఉన్నాయి గదన్నా, ఇంకేం వెతుకుతున్నావ్?"

వేళ్లు వణుకుతున్నాయి. అయినా జుట్టంతా చివరిదాకా వెతికాక గాని చెయ్యి తియ్యలేదు. తీశాక నర్సమ్మ నన్ను ఒకసారి చూసి, తను కూడా వెతికింది.